రాళ్ళూరి గడప

మా చెల్లెలు కోమలి మనుషులు లేని ఊరిని ఆరేళ్ళు ఊడ్చింది. సైప్రస్ దేశంలో, సముద్రం ఒడ్డున, రెండు వేల ఏళ్ళ ముందు గ్రీకువాళ్ళు కట్టుకున్న ఊరు అది. భూకంపాలు వచ్చి కొంత, సముద్రం ముందుకొచ్చి కొంత, ఉన్నవాళ్ళు వదిలేసి పోయి కొంత, మొత్తానికి మట్టి కింద పడిపోతే ఈ కాలంవాళ్ళు తవ్వి బయటికి తీశారు. దాని అసలు పేరు కోమలి ఎన్నిసార్లు చెప్పినా నా నోరు తిరగలేదు. నేను దాన్ని రాళ్ళూరు అన్నాను, ఎగతాళికి. తర్వాత ఇంట్లో అందరికీ అదే పేరు అలవాటయింది, కోమలికి కూడా.

కోమలి పోయి పది నెలలయింది. దాన్ని చూస్తే నాకు కుళ్ళు. చిన్నప్పటి నుంచీ ఉంది. అది పోయాక తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

మా నాయన మునస్వామి పాకాల స్టేషన్లో మూటలు మోసేవాడు. అమ్మ సుబ్బులమ్మ చెనక్కాయలు పెరకడానికి, వరి నాట్లకు కూలికి పోయేది. కోమలి పుట్టినప్పుడు నేను ఐదో తరగతి. బిడ్డను చూసుకునే దిక్కులేక నన్ను బడి మాన్పించారు. దాన్ని చంకనేసుకుని బడి ముందు నుంచే అంగడికి పోయేదాన్ని. లోపల ఎక్కాలు చదువుతుంటే గేటు దగ్గర నిలబడి నేనూ చెప్పేదాన్ని, పదమూడో ఎక్కం వరకు. ఆ తర్వాత కోమలి ఏడ్చేది. నేను చంకలో మోసిన ఆ పిల్లే తర్వాత అదే బడికి పోయి పది పాసయింది.

అయితే నాకంటూ ఒకటి ఉండేది. మా ఇంటి గడప. అది రాతి గడప, మధ్యలో అరిగి గుంటపడి, నీళ్ళు పోస్తే అరచేతంత మడుగు నిలుస్తుంది. శుక్రవారం పొద్దున దాన్ని కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టే పని అమ్మ నాకు అప్పగించింది. కోమలి ఎగబడి వచ్చేది.

"అమా, ఈ ఒక్క వారం నేను రాస్తా."

"నీ చేతులకు ఎచ్చులెక్కువ. పోయి వీధిలో ముగ్గేసుకో. గడప పెద్దబిడ్డ చేతిలోనే ఉండాల" అనేది అమ్మ.

కోమలి ముగ్గు వేసేది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఇంత సన్న గీత ఎట్ల పడతా ఉండాది పాపా అనేవాళ్ళు. గడపను ఎవరూ ఆగి చూడరు, దాటుకుని పోతారు. అయినా నాకు చాలు. పసుపు అంచుదాకా పూయకుండా ముందు వైపు వేలెడు రాయి వదిలేదాన్ని. ఆ వేలెడు బోసి రాయి వల్ల పసుపుకు అందం వస్తుంది. అది నాకు నేనే కనిపెట్టుకున్న పద్ధతి.

నాకు పెళ్ళయినా నేను ఆ గడప దాటి పోలేదు. మా ఆయన బాలచంద్రే ఇల్లరికం వచ్చాడు. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆయనకు పని. కోమలిని శ్రీకాళహస్తి వైపు ఇచ్చారు. కట్టుకున్నవాడు మూడేళ్ళకే వదిలేసి ఇంకొకతెతో పోయాడు. పెట్టె పట్టుకుని తిరిగొచ్చిన రోజు అది ఏడవలేదు. వాకిట్లో నిలబడి, "అక్కా, ఈడ రవంత తావుండాదా నాకు?" అంది. నేను లోపలికి రమ్మన్నాను. మనసులో మాత్రం, ఇప్పుడు మనిద్దరం సమానమయ్యాం అనుకున్నాను.

ఆ సమానం ఏడాది కూడా నిలవలేదు. పాకాలలో ఎవరో ఒకామె ద్వారా కోమలి సైప్రస్‌కు పోయింది, ఒక ముసలమ్మను చూసుకునే పనికి. మూడేళ్ళు ఆమెకు స్నానం చేయించి, అన్నం పెట్టి, ఆమె భాష నేర్చుకుంది. ఆమె పోయాక, ఆమె కూతురు కోమలిని తనతో పనికి పిలుచుకుంది. ఆ కూతురు రాళ్ళూరిని తవ్వే ఆఫీసులో అధికారి. మేము ఆమెను మేడమ్ అనేవాళ్ళం. పొద్దున గేటు తీయకముందే రాళ్ళ మధ్య కసువు ఊడ్చడం, మొలిచిన గడ్డి పీకడం, తవ్వితే దొరికిన పెంకులను పళ్ళ బ్రష్షుతో కడిగి తట్టల్లో ఆరబెట్టడం. ఇవీ కోమలి పనులు.

ఆదివారం ఆదివారం వీడియోలో మాట్లాడేది. ఫోన్ నాది, కానీ ముందు అమ్మ చేతికి పోయేది.

"ఏమ్మే, ఆ ఇండ్లకు పైకప్పు లేదా?"

"లేదమా. గోడలు మోకాలెత్తు ఉండాయి, అంతే."

"అయితే వానొస్తే ఎట్ల?"

"వానొస్తే ఎవురు తడుస్తారమా? ఉండేవాళ్ళు లేరు గదా."

"ఉండేవాళ్ళు లేకుంటే నువ్వు కసువు ఊడ్చేది ఎవురికి?"

"చూసేదానికి వస్తారు. టికెట్టు కొనుక్కోని."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. "పాడుబడిన ఇండ్లకు టికెట్టా? మన పాకాల్లో నాలుగుండాయి, వాళ్ళను ఈడికి పిలుచుకోని రా."

అమ్మ తర్వాత నా కూతురు లోహిత. అప్పుడు అది చిత్తూరులో హాస్టల్లో ఉండి చదివేది. నెలకొకసారి ఇంటికి వచ్చేది. వచ్చిన ఆదివారమంతా వాళ్ళ చిన్నమ్మతోనే. స్నానాల గది నేల కింద ఇటుక స్తంభాలు పెట్టి వేడిగాలి పంపేవాళ్ళట. గోరంత రాళ్ళతో చేపలు, పక్షులు వేసిన నేల ఉందట. బావి అంచున చేద తాళ్ళు ఒరుసుకుని గాడులు పడ్డాయట. తిరగలి రాయి ఉందట, అచ్చం మనదే. లోహిత ఇవన్నీ నోటుబుక్కులో రాసుకునేది. కోమలి ఫోన్ను రాళ్ళ మీదుగా తిప్పి చూపిస్తుంటే వెనుక సముద్రం కనిపించేది, నీలంగా. నేను సముద్రం చూసింది ఒక్కసారే, మద్రాసులో, అదీ బస్సులోంచి.

చివర్లో ఫోన్ నా చేతికి వచ్చేది. "తిన్నావా అక్కా?" "తిన్నా. నువ్వు?" "తిన్నా." అంతలో కోమలికి పని వేళయ్యేది.

ఒక ఆదివారం అమ్మ పక్కింటి నాగులమ్మతో అరుగు మీద కూర్చుని చెబుతుంటే విన్నాను. "మా చిన్నది గ్రీకు రాజుల ఊరికి కాపలా ఉండాది నాగులమ్మా. దాని చేతులు పడకుంటే ఆ ఊరు గడ్డి పట్టిపోతాదంట."

"మీ పెద్దమ్మి?" అంది నాగులమ్మ.

"పెద్దదా? అది ఈడ్నే ఉండాది లే."

నేను లోపల సంగటి కెలుకుతున్నాను. ఆ పూట సంగటి ఉండలు కట్టింది. ఎందుకు కట్టిందని ఎవరూ అడగలేదు, తినేసి లేచారు.

ఆ తర్వాతి శుక్రవారం, 2019 ఫిబ్రవరి నెలలో, పొద్దున్నే నేను గడప కడిగి పసుపు పూసి, ఇంకా తడి ఆరకముందే ఫోన్ మోగింది. కోమలి వాయిస్ మెసేజ్. ఎప్పుడూ నాకు ప్రత్యేకంగా మెసేజ్ పెట్టేది కాదు. చేతులు తుడుచుకుని విన్నాను.

"అక్కా, ఈడ ఒక తప్పు జరిగిపోయినాది. తప్పంటే నేను చేసిందే. రాళ్ళూర్లో సముద్రం పక్కన ఒక ఇల్లుండాది. గోడలు పోయినాయి, గడప రాయి మాత్రం ఉండాది. దానికి శుక్రవారం పూట పసుపు రాస్తా ఉండా, ఒక సంవత్సరంగా. గేటు తీసే లోపల కడిగేసేదాన్ని. ఈడ ఉండేది తెల్లరాయి అక్కా, పసుపు లోపలికి తాగేసినాది. నిన్న మేడమ్ చూసినాది. రెండు వేల ఏండ్ల రాయిని ఎవురో రంగేసి పాడు చేసినారని పెద్దాఫీసుకు చెప్పినారు. నేనే అని చెప్పినా. పాడు చేసేదానికి కాదు, మా ఇండ్లల్లో పూజకు అట్ల రాస్తామని చెప్పినా. ఎవురూ నమ్మలేదు. సోమవారం అందరూ కూర్చోని మాట్లాడతారంట. మేడమ్ ఒక్కతే నా తరఫున ఉండాది. మీ ఇంటి గడప ఫోటో ఉంటే ఇవ్వు, నేను చూపించి చెప్తా అనినాది. మనింటి గడప ఫోటో తీసి పంపు అక్కా. ఇంటర్నెట్టులో ఎవురివో వద్దంట, మనింటిదే కావాలంట. నువ్వు రాసినట్టు ఎవురూ రాయలేరు గదా."

మెసేజ్ రెండుసార్లు విన్నాను. గడప నా కాళ్ళ ముందే ఉంది, పసుపు మెరుస్తూ. ఫోన్ చేతిలోనే ఉంది. వంగితే చాలు.

వంగలేదు. ఎందుకో రాస్తాను. చదువు కోమలికి పోయింది. సముద్రం కోమలికి పోయింది. అమ్మ నోట్లో మాట కోమలికి పోయింది, నా బిడ్డ ఆదివారాలు కోమలికి పోయాయి. నాకని మిగిలింది ఆ గడప ఒక్కటే. ఏడాదిగా అది కూడా నాకు తెలియకుండా తీసుకుపోయి, చచ్చిపోయిన గ్రీకువాళ్ళ వాకిట్లో పెట్టుకుంది. చిన్నప్పుడు అమ్మ ఇవ్వని దాన్ని అక్కడికి పోయి చేసుకుంది. నువ్వు రాసినట్టు ఎవరూ రాయలేరు అంటోందే, మరి నువ్వు రాసిందేమిటి?

ఫోన్ను బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టి పొయ్యి దగ్గరికి పోయాను. సాయంత్రం వీధి దుమ్ముకు పసుపు సగం పోయింది. శనివారం పూర్తిగా పోయింది.

ఆదివారం మధ్యాహ్నం కోమలి ఫోన్ చేసింది.

"అక్కా, మెసేజ్ విన్నావా?"

"విన్నా. ఫోన్లో కెమెరా పని చేయలేదు."

"మరి నాగులమ్మక్క ఫోన్లో?"

"ఆమె ఊర్లో లేదు."

నాగులమ్మ మా అరుగు మీదే కూర్చుని అమ్మకు తల దువ్వుతూ ఉంది.

అటువైపు నుంచి గాలి చప్పుడు వినిపించింది, సముద్రం గాలి. "సరేలే అక్కా. నీకు పనెక్కువ" అంది.

సోమవారం పొద్దున నేను మిద్దె మీద గుమ్మడికాయ వడియాలు పెట్టాను. వరుసలు తీర్చినట్టు వచ్చాయి. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. స్టేటస్ పెట్టడం అంతకు ముందు నెలలోనే లోహిత నేర్పింది, నాకు అదొక సరదా. కెమెరా పని చేయలేదని చెప్పిన సంగతి నాకు ఆ నిమిషాన గుర్తు లేదు. సాయంత్రం చూస్తే ఆ ఫోటో కింద కోమలి పెట్టిన మెసేజ్ ఉంది.

"వడియాలు బాగా వచ్చినాయి అక్కా."

ఆ ఒక్క మాటే. ఒళ్ళంతా మండిపోయింది. తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని.

కోమలిని పనిలోంచి తీసేయలేదు, ఆ ఆదివారం అదే నాకు చెప్పింది. మేడమ్ అడ్డం పడింది. కానీ రాళ్ళ మధ్యకు ఇక పోకూడదన్నారు. బయట బండ్లు ఆపే చోటు, టికెట్ల గది, మరుగుదొడ్లు, ఇవి ఊడ్చే పనికి మార్చారు. అమ్మతో ఒక్కసారి మాత్రం చెప్పింది, "ఇప్పుడు గేటు కాడ వేసినారమా, నీడగా ఉండాది" అని. నిజం చెప్పాలంటే ఆ వారమంతా నాకు నిద్ర బాగా పట్టింది.

తర్వాత జరిగింది నేను అనుకోలేదు. కోమలి రాళ్ళూరి గురించి చెప్పడం ఆపలేదు. లోహిత అడిగితే అదే ఉత్సాహంతో చెప్పేది, చేపల నేల మీద నిన్న వాన నీళ్ళు నిలిచాయనీ, స్తంభం నీడ బావి దాకా పడుతోందనీ. వీడియో మాత్రం తిప్పేది కాదు. "సిగ్నల్ లేదు పాపా" అనేది. అది లోపలికి పోవడం లేదని, కళ్ళు మూసుకుని పాత జ్ఞాపకాన్ని చెబుతోందని ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. పదిహేనేళ్ళ పిల్ల నోరు తెరుచుకుని వినేది. చీపురు లాక్కున్నా ఊరు దాని దగ్గరే ఉందే అని నాకు మళ్ళీ కుళ్ళు. అట్లా నాలుగేళ్ళు గడిచాయి.

2023 చివర్లో కోమలి తిరిగొచ్చింది. కడుపులో గడ్డ. తిరుపతి ఆసుపత్రిలో రెండుసార్లు కోసి కుట్టారు, మూడోసారి వద్దన్నారు. అప్పటికి లోహిత తిరుపతిలోనే డిగ్రీ చదువుతోంది. సెలవు దొరికితే పాకాల బస్సెక్కి వచ్చేసేది. కోమలి మంచాన్ని వాకిలి పక్కనే వేశాం, గాలికని. అక్కడి నుంచి గడప కనిపిస్తుంది.

శుక్రవారం నేను పసుపు పూస్తుంటే పడుకుని చూసేది.

"ఆ మూల రవంత తక్కువైనట్టుండాది అక్కా."

"నీ రాళ్ళూరు గడప కాదు ఇది. నోరు మూసుకోని పండుకో."

"రాళ్ళూరు గడపైతే నేనే రాసుంటా, నిన్ను పిలుస్తానా?"

ఇద్దరం నవ్వాము. నవ్వితే దానికి కుట్లు నొప్పి పుట్టేది. అయినా నవ్వేది.

ఒక వారం అడిగాను. "అన్ని ఇండ్లుండంగా ఆ గడపకే ఎందుకు రాసినావు?"

"అది మధ్యలో అరిగిపోయి ఉండాది. ఎవురో ఒకామె నిండా ఏండ్లు తొక్కింటాది. తలుపు తిరిగే కుదురు గుంట కూడా అట్లే ఉండాది పక్కన. శుక్రవారం పూట బోసిగా కనిపిస్తే చేతులు ఊరుకోలేదు. ఇంట్లో ఎవురూ లేరని తెలుసు. అయినా గడప గడపే గదా."

నేను పసుపు గిన్నె కడగడానికి లేచాను. వెనుక నుంచి అంది, "ఫోన్లో కెమెరా బాగు చేయించినావా అక్కా?"

తిరిగి చూశాను. ఎగతాళి లేదు ముఖంలో. ఉన్నా సన్నగా, దాని ముగ్గు గీతంత.

"చేయించినా."

"అయితే ఒక ఫోటో తీ. నన్నూ గడపనూ కలిపి."

తీద్దామనే కొంగున చేతులు తుడుచుకున్నాను. అంతలో పొద్దున బస్సుకు వచ్చిన లోహిత గడప దాటుకుని లోపలికి వచ్చింది. నన్ను చూడలేదు. "చిన్నమ్మా" అని నేరుగా మంచం మీద కూర్చుని దాని కాళ్ళు ఒళ్ళో పెట్టుకుంది. నేను రోజూ పిసికే కాళ్ళు అవి. ఫోన్ తీసేదాన్ని తీయకుండా వంటింట్లోకి పోయాను. తర్వాత తీయవచ్చు అనుకున్నాను. ఆ తర్వాతి శుక్రవారానికి కోమలి కళ్ళు తెరవలేదు.

దాని ఫోన్ లోహిత తీసుకుంది. ఎవరూ ఇవ్వలేదు, అది అడగనూ లేదు. పదోనాడు పనులయ్యాక ఆ ఫోన్ పట్టుకుని మిద్దె మీదికి పోయి సాయంత్రం దాకా దిగలేదు. దిగాక నాతో మాటలు తగ్గించింది. తిన్నావా అంటే తిన్నా. బట్టలుతికేదా అంటే ఉతుక్కుంటా. తిరుపతిలో కోర్సు అయ్యాక పాత తవ్వకాల చదువు చదువుతానని వాళ్ళ నాయనతో చెప్పిందట, నాతో చెప్పలేదు.

ఆ ఫోన్లో నా పేరు మీద ఏముందో నాకు తెలుసు. గడప ఫోటో పంపమన్న మెసేజ్ ఉంటుంది, నేను విన్నట్టు నీలం గుర్తుతో. దాని కింద వడియాల ఫోటో, దాని కింద ఆ మాట. లోహిత చూసిందా లేదా అన్నదే ఈ పది నెలలూ నన్ను తిన్నది. చూసి ఉంటే నేను దానికి ఏ తల్లిని? చూడకుంటే ఎందుకట్లా ఉంది? అడిగితే తెలిసిపోతుంది, అందుకే అడగలేదు. ఛార్జింగ్ పెట్టినప్పుడల్లా ఆ ఫోన్ పక్కనుంచే నడిచి పోయేదాన్ని, దాన్ని చూడకుండా. చనిపోయినా లోహిత చేతిలో ఉండేది కోమలే.

పోయిన శుక్రవారం లోహిత ఇంట్లో ఉంది. మా ఆయన ఫ్యాక్టరీకి పోయాడు, అమ్మ అరుగు మీద ఉంది. నేను గడప కడిగాను. పసుపు పూశాను, ముందు వైపు వేలెడు వదిలి. బొట్లు పెట్టాను. లోపలి గదిలో లోహిత కోమలి గొంతు పెట్టుకుని వింటోంది, మాటలు తెలియడం లేదు గానీ గొంతు తెలుస్తోంది. చేపల నేల గురించి ఏదో చెబుతోంది. చెప్పి చెప్పి మధ్యలో అది నవ్వింది.

ఫోన్ తీశాను. వంగి గడప ఫోటో తీశాను. కోమలి పేరు నొక్కాను. వడియాల కింద ఫోన్ చేసిన గుర్తులే తప్ప ఇంతవరకు ఒక్క మాట లేదు. ఆరేళ్ళలో నేను దానికి ఒక్క అక్షరం పెట్టలేదు. ఫోటో పంపాను.

లోపల కోమలి గొంతు మధ్యలో టింగుమంది. గొంతు ఆగింది.

లోహిత ఫోన్ పట్టుకుని వాకిలి దాకా వచ్చింది. నేను గడపకు ఇవతల, అది అవతల. పసుపు తడిగా ఉంది గనుక దాటలేదు.

"ఇప్పుడు పంపినావా మా" అంది.

"కెమెరా అప్పుడు బాగానే ఉండింది" అన్నాను.

"తెలుసు. వడియాలు చూసినా గదా."

"ఎప్పుడు?"

"పదోనాడే."

"మరి నన్ను అడగలేదే?"

"నువ్వు చెప్తావేమోనని చూసినా. నెల చూసినా, రెండు నెలలు చూసినా."

అరుగు మీద నుంచి అమ్మ, "ఏందమ్మే తల్లీకూతుర్లు వాకిట్లో నిలబడుకోని, పోయేదా వచ్చేదా?" అంది.

"కుళ్ళుతోనే అప్పుడు పంపలేదు" అన్నాను. "నువ్వు దాన్ని జాస్తి ప్రేమిస్తావని. మీ అవ్వ దాన్ని జాస్తి పొగుడుతాదని. అది నా గడపను కూడా తీసుకునిందని."

లోహిత ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. గడపకు అవతలే గొంతుక్కూర్చుని, ఆ ఫోన్లో వెతికి, నా వైపు తిప్పి పట్టుకుంది.

నేను ఎప్పుడూ చూడని ఫోటో. తెల్లరాయి, వెనుక కూలిన గోడ, దాని వెనుక సముద్రం. రాయి మధ్యలో అరిగిన గుంట. పసుపు నిండుగా, అంచు గీత కొట్టినట్టు. ఐదు బొట్లు. ముందు వైపు వేలెడు రాయి బోసిగా వదిలింది. నేను వదిలినట్టే. కానీ నాది ఎప్పుడూ కుడివైపు రవంత వంకర పోతుంది, దానిది పోలేదు.

"చిన్నమ్మదే బాగుండాది" అంది లోహిత.

"బాగుండాది" అన్నాను. కడుపులో మళ్ళీ మండింది. మండుతుంటేనే కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

మేడమ్ నంబరు ఆ ఫోన్లోనే ఉంది. లోహిత నేను తీసిన ఫోటో ఆమెకు పంపింది, ఇంగ్లీషులో నాలుగు వరుసలు రాసి. ఏం రాశావని అడిగితే చదివి తెలుగులో చెప్పింది. ఇది కోమలి వాళ్ళ అక్క ఇంటి గడప, ఈ ఫోటో 2019లో రావలసింది, మా అమ్మ ఆలస్యం చేసింది, కోమలి చెప్పింది నిజం. అంతే రాసింది. మా అమ్మ కుళ్ళుతో ఆపింది అని రాయలేదు. రాయమని నేనూ చెప్పలేదు.

సోమవారం జవాబు వచ్చింది. కోమలి పోయిన సంగతి మేడమ్‌కు తెలుసు. దుఃఖం చెప్పుకుంది. ఫోటోను కోమలి కాగితాల్లో పెట్టిస్తానంది. కింద ఇంకొక ఫోటో పంపింది, ఆ పొద్దునే తీసిందట. అదే తెల్లరాయి. కడిగి, రుద్ది, ఎండకు ఎండి, పైన పసుపు ఆనవాలు లేదు. పక్కన తలుపు కుదురు గుంటలో మాత్రం, ఎండ తగలని అడుగున, గోరంత పసుపుపచ్చగా ఉంది. ఎంత చేసినా అది పోలేదని మేడమ్ రాసింది. ఇప్పుడిక దాన్ని తీయవద్దని తనవాళ్ళకు చెప్పిందట.

లోహిత ఆ ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి చూస్తూ కూర్చుంది, నా పక్కనే, గడపకు ఇవతల. నేను మా గడప వైపు చూశాను. శుక్రవారం పూసింది అప్పటికే అందరి కాళ్ళకూ అంటుకుని పోయింది. వారం వారం పూస్తాను, వారం వారం పోతుంది. కోమలిది ఆరేళ్ళుగా అక్కడే ఉంది.